షీబా ‘వద్దు’ ఎక్కడ పోయింది?

నూజివీడులో షీబా ఏం ఉద్యోగం చేస్తుందో తెలుసుకోవాలంటే ఎవరినైనా అడగండి, షీబాని మాత్రం అడక్కండి. ఆ అమ్మాయి నిజం చెబుతుంది, మీకు బుర్ర తిరుగుతుంది. మామిడికాయల కమీషన్ వ్యాపారం చేసే వీరభద్రరావుగారిని అడిగితే ఒక్క ముక్కలో తేల్చేస్తారు. "మన చిన్నరాయప్ప కూతురేగా! బంగారంలాంటి పిల్లండీ. మొన్న మా ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం ఇట్టే లాగేసింది." ఏళ్ళ తరబడి హాస్టల్ సాంబారు తాగి ఇంజనీరింగు పూర్తిచేసిన మనిషికి సొంత ఊళ్ళో దక్కిన కీర్తి ఇదన్నమాట, కాగితం లాగడం.

ఆమె అసలు పని వేరు. హైదరాబాదులో నీలిమేఘ అని ఒక కంపెనీ ఉంది. వాళ్ళ దగ్గర బీరువాలంత కంప్యూటర్లు వరసగా నిలబడి ఉంటాయి. ఒక్కో పెద్ద కంప్యూటరు లోపల బోలెడు ఉత్తుత్తి కంప్యూటర్లు అద్దెకుంటాయి. వాటిని వర్చువల్ మెషీన్లంటారు. ఒకదాంట్లో చీరల షాపు వెబ్‌సైటు, ఇంకోదాంట్లో ఎవరో డాక్టరుగారి అపాయింట్‌మెంట్లు, మరోదాంట్లో పెళ్ళి సంబంధాల సైటు. పెద్ద కంప్యూటరుకి మరమ్మతు చెయ్యాల్సి వస్తే ఈ అద్దెవాళ్ళందరినీ ఇంకో దాంట్లోకి మార్చాలి. మనలాగా సెలవు పెట్టి, పాలు పొంగించి మారతామంటే కుదరదు. చీరల షాపులో చీరలు అమ్ముడవుతూనే ఉండాలి, ఇల్లు మాత్రం మారిపోవాలి. మనిషి అన్నం తింటూనే ఉండాలి, కంచం మాత్రం వేరే ఇంట్లో తేలాలి. దీన్ని లైవ్ మైగ్రేషన్ అంటారు. ఆ మెషీను ఆ క్షణాన బుర్రలో పెట్టుకున్నదంతా, అంటే దాని మెమరీ అంతా, ఒక్క అక్షరం పోకుండా అటు చేరేలా చూడటం షీబా పని. చేరకపోతే ఎందుకు చేరలేదో వెతకడం కూడా ఆమె పనే. సరిగ్గా చేరినప్పుడు ఎవరూ ఫోను చేసి మెచ్చుకోరు కాబట్టి ఆమె బతుకంతా చేరనివాటి చుట్టూనే తిరుగుతుంది.

ఈ మహత్కార్యం జరిగేది మేడమీద ఒకే ఒక గదిలో. దాన్ని షీబా ఆఫీసంటుంది, వాళ్ళ నాన్న చిన్నరాయప్ప గోడౌనంటాడు. ఆయన ముసునూరు వైపు తోటలు కౌలుకి తీసుకుని కాయలమ్ముతాడు. వేసవి వచ్చిందంటే కాయల ట్రేలన్నీ ఆమె కుర్చీ వెనక సీలింగుదాకా లేస్తాయి. ఒకసారి వీడియో కాల్లో ఆమె మేనేజరు శ్రీధర్ "నీ బ్యాక్‌గ్రౌండ్ భలే ఉందే, ఎక్కడ డౌన్‌లోడ్ చేశావ్?" అని అడిగాడు. మాగుతున్న చిన్నరసాల వాసన కంప్యూటర్లోంచి రాదు గనక, ఆమె ఏదో సైటు పేరు చెబితే నమ్మేశాడు.

ఇక తల్లి రిబ్కమ్మ. ముసునూరులో ప్రాథమిక పాఠశాల టీచరు. ఆవిడ క్లాసులో పిల్లలు తప్పు జవాబు రాసిన దాఖలా లేదు. రాస్తే ఆవిడ ఉండనివ్వదు. పై అధికారి తనిఖీకి వస్తున్నాడంటే చాలు, పిల్లాడి పక్కన చతికిలబడి, "ఏదీ నాన్నా, ఇలా తే" అని పెన్సిలు తీసుకుని తనే దిద్దేస్తుంది. "టీచరుగారండీ, నేను వేరే రాశానండీ" అని వాడు గొణిగితే, "నువ్వు రాద్దామనుకున్నది ఇదేలేరా" అని బుగ్గ గిల్లుతుంది. ఇందులో మోసం ఉందని ఆవిడకి కలలో కూడా తోచదు. టీచరున్నదే దిద్దడానికి, ఇంకెందుకు?

కూతురి పేరు పెళ్ళి సంబంధాల సైటులో ఎక్కించింది కూడా ఆవిడే. పాస్‌వర్డు ఇద్దరికీ తెలుసు. ఫోటో ఏది పెట్టాలి, వంట వచ్చని రాయాలా వద్దా, ఎత్తు ఎంత పెంచాలి, ఇవన్నీ తల్లి శాఖ. వచ్చిన సంబంధం కింద ‘ఆసక్తి ఉంది’ అనో ‘ఆసక్తి లేదు’ అనో నొక్కడం కూతురి శాఖ. అలా అని ఇద్దరూ అనుకున్నారు. కనీసం షీబా అనుకుంది. ఇంకో చోద్యం ఏమిటంటే ఆ సైటు అద్దెకున్నది నీలిమేఘ వాళ్ళ దగ్గరే. అంటే షీబా పెళ్ళి సంబంధాలన్నీ షీబా మోసుకెళ్ళే మెమరీలోనే కాపురముంటున్నాయన్నమాట.

ఆ సైటులో జి. కొండూరునుంచి చార్లెస్ అనే అబ్బాయి సంబంధం వచ్చింది. బెజవాడలో బ్యాంకు ఉద్యోగం. రిబ్కమ్మ ఫోటో చూసి, ప్రార్థన చేసి, దేవుడు సరేనన్నాడని ప్రకటించింది. రిబ్కమ్మకి నచ్చిన సంబంధాల విషయంలో దేవుడు ఇంతవరకు ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. పిల్లలిద్దరూ సైటులోనే నాలుగు మాటలు రాసుకున్నారు. అప్పుడు చార్లెస్ ఇలా సెలవిచ్చాడు. "మీది వర్క్ ఫ్రమ్ హోమ్ అవడం మాకు భలే కలిసొచ్చిందండీ. ఎలాగూ ఇంట్లో ఖాళీగానే ఉంటారు కాబట్టి మా అమ్మకి వంటలో తోడుంటారు."

ఆ మాట చదివే వేళకి షీబా పొద్దున్నుంచి కుర్చీలోంచి లేవలేదు. మధ్యాహ్నం అన్నం కూడా కీబోర్డు పక్కన పెట్టుకునే తింది. ‘ఖాళీగానే’ అన్న ముక్క చూడగానే ఒళ్ళు మండిపోయింది. ఆదివారం చర్చినుంచి వచ్చి, భోంచేసి, చేతులు కడుక్కుని, తీరిగ్గా ‘ఆసక్తి లేదు’ నొక్కింది. పీడ విరగడైందనుకుని ఫ్యాను కింద హాయిగా నిద్రపోయింది.

మంగళవారం పొద్దున్న తల్లీకూతుళ్ళు టిఫిను దగ్గరుండగా ఫోను మోగింది. రిబ్కమ్మ స్పీకరు పెట్టింది. ఫోనులో చార్లెస్ తల్లి అమృతమ్మ.

"వందనాలండీ రిబ్కమ్మగారూ! మీ అమ్మాయి ఇష్టమని పెట్టింది చూశామండీ. ఎంత సంతోషమో చెప్పలేను. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక అటునుంచటే మీ ఇంటికొచ్చేస్తాం."

షీబా నోట్లో దోసె ముక్క నోట్లోనే ఉండిపోయింది. ఫోను పెట్టెయ్యగానే దాన్ని గబుక్కున మింగింది.

"ఇష్టమేంటి? నేను వద్దని పెట్టాను!"

"అదేంటే, ఇక్కడ ఇష్టమనే ఉంది చూడు." రిబ్కమ్మ ఫోను తిప్పి చూపించింది. నిజమే. ‘ఆసక్తి ఉంది’ అని పచ్చగా వెలుగుతోంది.

"నా చేత్తో నేను లేదని నొక్కానమ్మా. ఆదివారం, భోజనమయ్యాక."

"ఏమోనే," అంది రిబ్కమ్మ ఫోనుని కొంగుతో తుడుస్తూ. "మీ కంప్యూటర్లే ఏదో తారుమారు చేసుంటాయి. ఇల్లు మారేటప్పుడు సామాన్లు పోతాయని నువ్వే అంటుంటావుగా."

ఇంకొకరి కూతురైతే ఆ మాట కొట్టిపారేసేది. షీబా మాత్రం కొట్టిపారెయ్యలేకపోయింది. ఎందుకంటే సరిగ్గా ఆ ఆదివారం మధ్యాహ్నమే నీలిమేఘ వాళ్ళు ఆ సైటు మెషీన్ని ఒక కంప్యూటర్లోంచి ఇంకో దాంట్లోకి మార్చారు. అంతకు ముందే ఆ సైటు యజమానులు ఒకసారి మొత్తుకున్నారు కూడా, ఇల్లు మారినప్పుడల్లా కొందరి జవాబులు తిరగబడుతున్నాయని. శ్రీధర్ ఆ ఫిర్యాదు చూసి, "మన దగ్గర రావట్లేదు కదా" అని మూసేశాడు. సాఫ్ట్‌వేరు లోకంలో ఇది గొప్ప మంత్రం. కరెంటు పోయిందని పక్కింటివాడు గోల పెడుతుంటే "మా ఇంట్లో ఉంది కదా" అని తలుపేసుకోవడమన్నమాట.

పోనీ, ఆదివారం దాకా ఆగడమెందుకు, ఇంట్లోవాళ్ళకి నోటితో చెప్పొచ్చుగా అంటారు మీరు. చెప్పింది బాబూ, చెప్పింది! "నాకొద్దు" అని వంటింట్లో చెబితే "ఇష్టమని కబురెళ్ళాక వెనక్కి తీసుకుంటే వాళ్ళ మొహం ఏమవుతుందే" అంది రిబ్కమ్మ. వరండాలో నాన్నకి చెబితే "చూసినంత మాత్రాన పోయేదేముందమ్మా" అన్నాడు చిన్నరాయప్ప, కాయ తొడిమ వాసన చూస్తూ. ఆయన తోటకి వెళ్ళినా అదే మాటంటాడు, చూసినంత మాత్రాన ఏం పోతుందని. చూసిన ప్రతిసారీ అడ్వాన్సు ఇచ్చే వస్తాడు. పాస్టరుగారికి ఫోను చేస్తే "ఆ అబ్బాయి కుటుంబం కోసం ఇప్పటికే ప్రార్థనలో జ్ఞాపకం చేసుకున్నామమ్మా" అన్నారు. అందరూ విన్నారు, ఒక్కరి చెవికీ ఎక్కలేదు. పిల్ల నోటితో ఎన్నిసార్లు వద్దన్నా సిగ్గు కింద జమ. కంప్యూటర్లో ఒక్కసారి ఇష్టమని కనబడితే అది శిలాశాసనం. ఇప్పుడు మళ్ళీ ‘లేదు’ నొక్కినా తడబడి నొక్కిందంటారు గనక ఆమె ఆ జోలికి పోలేదు.

అందుకని షీబా ఒక నిర్ణయానికొచ్చింది. వీళ్ళు నమ్మేది కంప్యూటర్నే అయితే, ఆ కంప్యూటరే తప్పు చేసిందని ఋజువు చెయ్యాలి. ఆదివారంలోగా తన ‘వద్దు’ ఎక్కడ జారిపోయిందో పట్టుకోవాలి. పట్టుకోకపోతే అమృతమ్మగారి వంటింట్లో ఖాళీగా కూర్చుని ఉల్లిపాయలు తరగాలి. పంతం అంటే ఆ వారం ఆమె పట్టిందే పంతం.

"శ్రీధర్ గారూ, ఆ పెళ్ళి సైటు ఫిర్యాదు మళ్ళీ తెరుస్తున్నాను," అంది వీడియో కాల్లో.

"అది క్లోజయిందిగా షీబా. మన దగ్గర రావట్లేదుగా."

"మన దగ్గర రాలేదంటే మనం సరిగ్గా చూడలేదని కూడా అవ్వొచ్చు కదండీ."

"నీకెందుకు అంత పర్సనల్?"

"పర్సనలే లేండి," అంది షీబా. ఎంత పర్సనలో చెబితే ఆయన సెలవు పెట్టి పెళ్ళికొస్తాడని చెప్పలేదు.

ఇలాంటి చోట కథల్లో పాలవాడో చాకలామో ఏదో అమాయకంగా ఒక మాట అనాలి, ఇంజనీరు బుర్రలో దీపం వెలగాలి. ఇక్కడ ఎవరూ ఏమీ అనలేదు. పాలవాడు పాలు పోసి వెళ్ళిపోయాడు. షీబా కూర్చుని వెతికింది, అంతే. ఒక ఉత్తుత్తి మెషీన్ని పెట్టి, బయటినుంచి దానికి వరస నంబర్లతో సందేశాలు పంపుతూ, దాన్ని ఈ కంప్యూటర్నుంచి ఆ కంప్యూటరుకి, ఆ కంప్యూటర్నుంచి ఈ కంప్యూటరుకి తిప్పుతూ పోయింది. మధ్యలో కరెంటు పోతే ఇన్వర్టరు, ఇన్వర్టరు పోతే ఫోను హాట్‌స్పాటు. కింద ట్రేలు దించే లోడింగువాళ్ళ కేకలు. బయట మాడు పగిలే ఎండ. నంబర్లన్నీ బుద్ధిగా వరసలోనే వచ్చాయి. మర్నాడూ అంతే. బుధవారం అయ్యేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. తనే పొరపాటున ఇష్టమని నొక్కిందేమోనని కూడా ఒకసారి అనుమానం వచ్చింది, వచ్చినందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

గురువారం ఒక మార్పు చేసింది. సందేశాలు మెల్లగా కాకుండా, సరిగ్గా ఇల్లు మారే ఆఖరి క్షణంలో జడివానలా కురిసేలా పెట్టింది. నాలుగుసార్లు తిప్పిందో లేదో, కొత్త నంబరు ఉండాల్సిన చోట పాత నంబరు పళ్ళికిలించింది.

"దొరికింది! దొరికిందే దొంగముండా!" అని షీబా పెట్టిన కేకకి చిన్నరాయప్ప కర్ర పట్టుకుని మేడమీదకి పరిగెత్తుకొచ్చాడు.

"ఏది? పామా?"

"బగ్గు నాన్నా, బగ్గు!"

"ఓస్, పురుగేనా!" అని ఆయన కర్ర దించుకుని వెళ్ళిపోయాడు.

సంగతేమిటో చెబుతాను, భయపడకండి, మీకు తెలిసిన విషయమే. మన చుట్టాలు బయల్దేరడం చూశారుగా. సామానంతా ఆటోలో సర్దడం అయిపోతుంది. "అన్నీ వచ్చాయా?" అని ఒకసారి చూసుకోవడం కూడా అయిపోతుంది. అసలు కార్యక్రమం అప్పుడు మొదలవుతుంది, గేటు దగ్గర. "అయ్యో, ఈ ఆవకాయ జాడీ పట్టుకెళ్ళండి." "పిల్లలకి ఈ కాసిని రసాలు." చూసుకోవడం అయిపోయాక చేతికొచ్చినవి ఎవరి లెక్కలోనూ ఉండవు. అవి గేటు గోడమీదే ఉండిపోతాయి, ఆటో వెళ్ళిపోతుంది. ఊరు చేరాక జాడీ ఏదంటే జాడీ లేదు.

ఇల్లు మారే మెషీను కూడా ఇదే చేస్తోంది. మెమరీలో మారినవన్నీ మళ్ళీ మళ్ళీ అటు పంపి, చివరికి కాసిని మిగిలాక, ‘ఇంకేమైనా మారాయా’ అని ఆఖరిసారి చూసుకుంటుంది. ఆ తర్వాత మెషీన్ని కనురెప్పపాటు ఆపుతుంది. అయితే ఆఖరి చూపుకీ, ఆపడానికీ మధ్య ఉన్న సందులో నెట్‌వర్కు కార్డు మాత్రం పని మానలేదు. బయటినుంచి వచ్చిన ఉత్తరాన్ని తెచ్చి మెమరీలో పెట్టేస్తోంది. చూసుకోవడం అయిపోయింది గనక ఆ ఉత్తరం అటు వెళ్ళదు. కొత్త జవాబు ఉండాల్సిన చోట అంతకుముందెప్పుడో వచ్చిన పాత జవాబు ఉండిపోతుంది. ‘లేదు’ అని వచ్చిన చోట ఎవరిదో పాత ‘ఉంది’. మందు కూడా అంతే చిన్నది. ముందు కార్డుని ఆపాలి, ఆ తర్వాతే ఆఖరిసారి చూసుకోవాలి. రెండు లైన్లు ముందువెనకలు. షీబా వాటిని మార్చి, మళ్ళీ జడివాన కురిపించి, శుక్రవారమంతా మెషీన్ని అటూ ఇటూ తిప్పింది. ఒక్క నంబరు కూడా తప్పలేదు. ట్రేల మధ్య నిలబడి, ఎవరూ చూడకుండా, గిర్రున ఒక్కసారి తిరిగింది కూడా. అంత ఆనందమేసింది.

మరి ఆ తప్పుడు వరస పెట్టిన మహానుభావుడెవరు? ఏ లైను ఎవరు రాశారో చెప్పే సదుపాయం ఒకటుంది, దాని పేరే బ్లేమ్. అడిగితే నదురూ బెదురూ లేకుండా చెప్పేసింది, షీబా అని. మెషీను ఆగే సమయాన్ని ఇంకా తగ్గించమని అప్పట్లో శ్రీధర్ చెవిలో జోరీగలా పోరితే, ఆమె ఆ లైను ముందుకు జరిపింది. తగ్గించినందుకు శ్రీధర్‌కి కంపెనీ సభలో శాలువా కప్పారు. బ్లేమ్‌లో శాలువాల సంగతి ఉండదు.

శనివారం మధ్యాహ్నం శ్రీధర్ కాల్లోకి వచ్చాడు. "నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నా షీబా, ఇందులో ఏదో ఉందని." ఆయన మొహంలో సిగ్గు వెతికింది షీబా. అదీ ‘మన దగ్గర రావట్లేదు’ బాపతే, కనబడలేదు. "అయితే కస్టమర్లకి రిపోర్టు వెళ్ళాలి. ఆ లైను ఎవరు మార్చారో రాయక తప్పదు. పైవాళ్ళు దాన్నెలా తీసుకుంటారో, ఉద్యోగం వరకూ వస్తుందో ఏమో, నా చేతుల్లో లేదు."

"రాసేద్దామండీ. నా పేరే రాయండి," అంది షీబా హుషారుగా.

మజ్జిగ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డ రిబ్కమ్మ ఇదంతా వింది. కాల్ అయ్యేదాకా ఆగి లోపలికొచ్చింది.

"ఉద్యోగం తీసేస్తారా ఏంటే?"

"తీస్తే తీస్తారు. నా ‘వద్దు’ ఎక్కడ పోయిందో ఋజువు దొరికిందమ్మా! రేపు అమృతమ్మగారు రాగానే ముందు పెడతా. నా తప్పు వల్లే నా జవాబు పోయింది, సరేనా? ఇప్పటికైనా నమ్ముతారుగా నేను వద్దన్నానని?"

రిబ్కమ్మ మజ్జిగ గ్లాసు ఒక ట్రే మీద పెట్టింది. అది సరిగ్గా ఆనలేదని మళ్ళీ తీసి ఇంకో ట్రే మీద పెట్టింది.

"ఆ రిపోర్టు పంపకే."

"ఎందుకని?"

"నీ తప్పేం లేదే. నీ జవాబు బాగానే చేరింది. సోమవారం బళ్ళో మధ్యాహ్న భోజనాలప్పుడు ఫోన్లో చూశాను. ‘లేదు’ అనే ఉంది. నేనే మార్చాను."

షీబాకి కోపం వచ్చింది. ఎంత కోపమంటే, వారం రోజులుగా శ్రీధర్ మీదా, చార్లెస్ మీదా, నెట్‌వర్కు కార్డు మీదా పంచిపెట్టిన కోపమంతా వెనక్కొచ్చి ఒకేచోట చేరింది.

"ఇన్నాళ్ళూ నా మొహం చూస్తూ ఎలా ఊరుకున్నావమ్మా? అన్నం తినకుండా వెతుకుతుంటే మజ్జిగ తెచ్చిచ్చావు!"

"నువ్వు అంత శ్రద్ధగా వెతుకుతుంటే... అలా వెతుకుతుండగానే ఆదివారం వచ్చేస్తుందిలే అనుకున్నా." ఆవిడ నిజం చెప్పడం మొదలుపెడితే పూర్తిగా చెప్పేస్తుంది, అదొక్కటీ ఒప్పుకోవాలి. "తొందరపడి తప్పు నొక్కావు, దిద్దాను. అంతేగా. పిల్లాడు బుద్ధిమంతుడు, నువ్వే తర్వాత సంతోషిస్తావనుకున్నా."

"అది తప్పు జవాబు కాదమ్మా. అది నా జవాబు."

ఆ మాటలో ఏం దిద్దాలో రిబ్కమ్మకి తోచలేదు. షీబా స్క్రీను వైపు తిరిగింది. తను రాసిన తప్పుడు ప్రోగ్రాం కూడా తన ‘వద్దు’ని పదిలంగా మోసుకెళ్ళి అటు దింపింది. దాన్ని మాయం చేసింది పెంచిన చెయ్యి. బగ్గు నిజంగా ఉంది, ఎవరెవరి జవాబులో పోయాయి, కానీ తనది పోలేదు. ఇన్ని కోట్ల అక్షరాల్లో వెతికింది గానీ, పక్కన కూర్చుని దోసె తింటున్న మనిషిని ఒక్క ప్రశ్న అడగాలని తోచలేదు. ఇంజనీర్లకి ఇది మామూలే అనుకున్నా ఏడుపు ఆగలేదు.

కళ్ళు తుడుచుకుని రిపోర్టు తెరిచింది.

"పంపకంటే వినవేంటే! నీ ఉద్యోగం పోతే అది నా వల్లే పోయినట్టు!"

"ఆ తప్పు నిజంగానే ఉందమ్మా. కంప్యూటర్లు తారుమారు చేశాయని నువ్వు అబద్ధమాడినా అది నిజమైపోయింది. మిగతావాళ్ళ జవాబులు కూడా జవాబులేగా." అని పంపేసింది. శ్రీధర్ వెంటనే బొటనవేలి బొమ్మ పెట్టాడు. ఆయన దాన్ని ‘మన బృందం ముందుచూపు’ అని పైవాళ్ళకి పంపి, తన పేరు పైన పెట్టుకున్నాడని షీబాకి సాయంత్రానికి తెలిసింది. ఉద్యోగానికి ఢోకా లేదన్నమాట. నీలిమేఘలో మెప్పులు ఎప్పుడూ పైకే వెళతాయి, ఈసారి వాటి తోకపట్టుకుని నిందలు కూడా వెళ్ళిపోయాయి.

రిబ్కమ్మ మాత్రం ఊపిరి పీల్చుకోగానే కొత్త ఉపాయం ఆలోచించింది.

"పోనీ ఒక పని చేద్దాం. రేపు వాళ్ళతో కంప్యూటరు తప్పని చెప్పేద్దాం. నీ దగ్గర ఋజువు ఉందిగా ఎలాగూ. ఎవరి మొహమూ పోదు."

"నీ తప్పు నా ప్రోగ్రాం మీద వెయ్యకు. దాని తప్పులు దానికి చాలు. రేపు నువ్వే చెప్పాలి, నువ్వు నొక్కావని."

"వియ్యపురాలు కాబోయే మనిషి ముందా? నా వల్ల కాదు తల్లీ!"

"వియ్యపురాలు కాబోదు."

"ఇద్దరూ కలిసి నన్నేం అనమంటారో తేల్చండి, అదే అంటాను," అన్నాడు చిన్నరాయప్ప కిందనుంచి. ఎవరూ తేల్చలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక అమృతమ్మ, చార్లెస్ కారులో దిగారు. హాల్లో కూలరు పెట్టారు. కోసిన బంగినపల్లి ముక్కలు ప్లేట్లలో వచ్చాయి. వందనాలయ్యాయి, ఎండల గురించి అయింది, ఈ ఏడు కాపు గురించి అయింది. అమృతమ్మ మామిడిముక్క నోట్లో వేసుకుని అసలు మాటకొచ్చింది.

"అమ్మాయి ఇష్టమని పెట్టగానే నేను మా చర్చిలో అందరికీ చెప్పేశానండీ."

షీబా కట్టుకోమన్న పట్టుచీర కట్టుకోలేదు, మామూలు చుడీదారులో వచ్చి ఎదురుగా కూర్చుంది. సూటిగా చెప్పింది. "నేను వద్దనే పెట్టానండీ. ఇప్పుడూ అదే చెబుతున్నాను, నాకీ సంబంధం వద్దు. ఎండలో ఇంతదూరం వచ్చారు, క్షమించండి."

అమృతమ్మ ఒక క్షణం చూసి, ఫక్కున నవ్వేసింది. "చూశారా సిగ్గు! మా రోజుల్లో మేమూ ఇంతే."

"సైటులో ఆసక్తి ఉందనే వచ్చిందండీ," అని చార్లెస్ ఫోను తీసి, వెతికి, షీబాకే చూపించాడు. పచ్చగా వెలుగుతోంది పాపం. షీబా దాని వంక కూడా చూడలేదు. చిన్నరాయప్ప గొంతు సవరించుకుని, ఏం అనాలో ఎవరూ తేల్చలేదని గుర్తొచ్చి, మామిడిముక్క తీసుకున్నాడు.

"అమ్మాయేదో తమాషాకి అంటోంది గానీ," అంటూ అమృతమ్మ కుర్చీ రిబ్కమ్మ వైపు జరుపుకుంది. "మీరు చెప్పండి రిబ్కమ్మగారూ. అమ్మాయి మనసులో ఏముందో తల్లికి తెలియదా?"

అందరూ రిబ్కమ్మ వైపు తిరిగారు. షీబా కూడా తిరిగింది. నిన్నటి ఉపాయం తల్లి నాలిక చివర ఉందని ఆమెకి తెలుసు. కంప్యూటరు తప్పండీ అని ఒక్క మాటంటే చాలు, అందరి మొహాలూ నిలబడతాయి. రిబ్కమ్మ చేతిలో ప్లేటు కిందపెట్టింది.

"నన్నడుగుతారేంటండీ? అది చెప్పిందిగా."

"మరి కంప్యూటర్లో..."

"కంప్యూటర్లో ఉన్నది నేను నొక్కిందండీ," అంది రిబ్కమ్మ. "మా అమ్మాయి జవాబు మీరిప్పుడే విన్నారు."